చిల్లర ఖర్చు, నెల లెక్క

పట్నంలో అద్దె ఇంట్లో ఉండే మధ్యతరగతి కుటుంబం నెల ఖర్చులో రెండు రకాల పద్దులు ఉంటాయి. అద్దె, పిల్లల ఫీజులు, అప్పుల వాయిదాలు, బీమా ప్రీమియం ఒక రకం. ఇవి నెల మొదట్లోనే తేలిపోతాయి, ఆ నెలకు వాటి విషయంలో ఇంటివాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. కిరాణా, కూరగాయలు, పాలు, కరెంటు, గ్యాస్, ఫోను, పెట్రోలు, బయటి తిండి రెండో రకం. ఇవి అలవాటును బట్టి పెరుగుతాయి, తరుగుతాయి. నెలాఖరుకు చేబదులు కోసం చూడాల్సిన అవసరం రాకుండా చేసే వీలు ఎక్కువగా ఈ రెండో రకంలోనే దొరుకుతుంది.

కేంద్ర గణాంక శాఖ 2023 ఆగస్టు నుంచి 2024 జులై దాకా జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, దేశంలోని పట్టణాల్లో మనిషికి నెలకు సగటున 6,996 రూపాయలు, పల్లెల్లో 4,122 రూపాయలు ఖర్చవుతున్నాయి. పట్టణాల్లో ఇందులో తిండి వాటా దాదాపు 40 శాతం. ఆ తిండిలో అన్నిటికన్నా పెద్ద పద్దు బియ్యానిదీ పప్పుదీ అనుకుంటే పొరపాటే. పానీయాలు, చిరుతిళ్లు, వండి అమ్మే ఆహారం కలిపి మొత్తం ఖర్చులో 11 శాతం తీసుకుంటున్నాయి. ధాన్యాలకు అయ్యేదానికి ఇది రెట్టింపు కన్నా ఎక్కువ. బియ్యం బస్తా దగ్గర యాభై రూపాయలు తగ్గించమని అరగంట బేరమాడే ఇంట్లోనే, వారంలో రెండుసార్లు ఫోన్లో తెప్పించుకున్న బిర్యానీకి అయిన ఖర్చు ఎవరికీ గుర్తుండదు.

ఖర్చు తగ్గించే మార్పులన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని రోజూ మనసు బిగబట్టుకుని చేయాల్సినవి: టీ మానేయడం, సినిమా మానేయడం, పిల్లవాడు అడిగిన చాక్లెట్ కొననని చెప్పడం. ఇవి నాలుగు రోజులు నడుస్తాయి, అయిదో రోజు తప్పుతాయి. మరికొన్ని ఒక్కసారి చేసి మరిచిపోదగినవి: ఫ్యాను మార్చడం, వాడని చందా ఆపేయడం, ఫోను ప్లాన్ మార్చడం, మందుల దుకాణం మార్చడం. ఇంట్లో వాళ్లకు గుర్తున్నా లేకపోయినా ఇవి నెల నెలా మిగులుస్తూనే ఉంటాయి. పొదుపు సలహాలు ఎక్కువగా మొదటి రకం చుట్టూ తిరుగుతుంటాయి. డబ్బు ఎక్కువగా మిగిలేది రెండో రకంలో.

అయితే దేన్ని మార్చాలో తెలియాలంటే ముందు లెక్క కావాలి. పూర్వం కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఉండేది, ఇంట్లో పాల లెక్క క్యాలెండర్ మీద గీతలుగా ఉండేది. యూపీఐ వచ్చాక పది రూపాయల కొత్తిమీర కట్ట కూడా ఫోన్ నుంచే పోతోంది. చేతిలో నోటు తగ్గడం కంటికి కనిపిస్తుంది, ఖాతాలో అంకె తగ్గడం కనిపించదు. దీనికి ఒక మంచి వైపు కూడా ఉంది. ప్రతి చెల్లింపూ తేదీతో సహా నమోదై ఉంటుంది. గడిచిన నెల స్టేట్‌మెంట్ తీసి, 200 రూపాయల లోపు చెల్లింపులన్నీ ఒక కాగితం మీద కూడితే వచ్చే మొత్తం చాలా ఇళ్లలో కరెంటు బిల్లును మించుతుంది. ఈ పని ఒక్క నెలకు చేస్తే చాలు. ఏడాది పొడవునా పద్దు రాయడం అందరి వల్లా అయ్యే పని కాదు, దాని అవసరమూ లేదు.

ముందుగా కరెంటు సంగతి. గృహ వినియోగానికి యూనిట్ ధర అంచెలంచెలుగా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఖరారైన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1 రూపాయి 90 పైసలు. 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4 రూపాయల 50 పైసలు, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8 రూపాయల 75 పైసలు, ఆ పైన 9 రూపాయల 75 పైసలు. ఈ లెక్కలో నెలకు 250 యూనిట్లు కాల్చే ఇంటికి, స్థిర ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు కాకుండా, 1,235 రూపాయల 75 పైసలు అవుతుంది. ఆ ఇల్లు 45 యూనిట్లు తగ్గించి 205కు దిగితే 897 రూపాయలు. వాడకం 18 శాతం తగ్గితే ఛార్జీ 27 శాతం తగ్గింది. తగ్గించే యూనిట్లు ఎప్పుడూ పై అంచెలోవే, అంటే అన్నిటికన్నా ఖరీదైనవే కావడం దీనికి కారణం.

45 యూనిట్లు ఎక్కడ దొరుకుతాయి? మామూలు సీలింగ్ ఫ్యాను పూర్తి వేగంలో సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ మోటారు ఉన్న ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు 16 యూనిట్ల పైచిలుకు తేడా. మూడు ఫ్యాన్లు మారిస్తే 48 యూనిట్లు. కొత్త ఫ్యాను ధర ఎక్కువే కాబట్టి బాగున్న ఫ్యాన్లన్నీ ఒకేసారి పీకేయడం తెలివైన పని కాదు. పడకగదిలో రాత్రంతా తిరిగేదాన్ని ముందు మార్చి, మిగతావి పాడైనప్పుడు మార్చుకోవచ్చు. పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటర్ వేగం తగ్గించినా కరెంటు పెద్దగా ఆదా చేయదు, మిగిలిన కరెంటును వేడిగా వదిలేస్తుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అలా కాదు.

గీజరు సాధారణంగా రెండు కిలోవాట్లది. అరగంటకు ఒక యూనిట్. స్నానానికి పది నిమిషాల ముందు వేసి, నీళ్లు వేడెక్కగానే కట్టేసే ఇంటికీ, తెల్లవారుజామున వేసి అందరి స్నానాలూ అయ్యేదాకా మరిచిపోయే ఇంటికీ చలికాలపు బిల్లులో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఏసీ విషయంలో ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా చేయాలన్న నిబంధన వచ్చింది అందుకే. 18లో పెట్టి దుప్పటి కప్పుకునే బదులు 26లో పెట్టి పైన ఫ్యాను వేసుకుంటే నిద్ర చెడదు.

తెలంగాణలో పరిస్థితి కొంచెం వేరు. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి పథకంలో అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తుంది. ఆ గీత దాటిన నెలలో మొత్తం వాడకానికీ బిల్లు పడుతుంది. 195 దగ్గర ఉండే ఇంటికి ఎండాకాలంలో 200 దాటించే ఆ ఒక్క యూనిట్టే అన్నిటికన్నా ఖరీదైనది. నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోవడం ఆ ఇళ్లకు తప్పనిసరి అలవాటు.

గ్యాస్ దగ్గర చేయాల్సింది తక్కువే, కానీ అది రోజూ మూడు పూటలా జరిగేది. కందిపప్పును అరగంట ముందు నానబెడితే ఉడికే సమయం తగ్గుతుంది. కుక్కర్‌కు ఆవిరి పట్టాక మంట సగానికి దించాలి. ఆవిరి నిండిన కుక్కర్ లోపలి వేడి పెద్ద మంటతో ఇంకా పెరగదు, విజిల్ మాత్రం త్వరత్వరగా వస్తుంది. గిన్నెపై మూత పెట్టడం, ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు, పప్పు కాసేపు బయట ఉంచి వేడి చేయడం ఈ కోవలోవే. మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తూ గిన్నెల అడుగు మసిబారుతుంటే బర్నర్ రంధ్రాలు పూడుకుపోయాయని గుర్తు. గ్యాస్ బండ మార్చిన రోజు తేదీని వంటింటి గోడ క్యాలెండర్ మీద రాసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అంత తేలికైన కొలత మరొకటి లేదు. 40 రోజులు వచ్చే బండ 33 రోజులకే అయిపోతే చుట్టాలు వచ్చారా, బర్నర్ పాడైందా, ట్యూబ్ దగ్గర లీకు ఉందా, లేక బండే తక్కువ తూకంతో వచ్చిందా అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. గృహ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది. తెచ్చిన మనిషిని ఎదురుగా తూచమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది.

ఇక కిరాణా. జాబితా రాసుకుని వెళ్లాలని, ఆకలి మీద దుకాణానికి వెళ్లకూడదని అందరూ చెప్పేదే. అంతకన్నా తక్కువగా గమనించే విషయం తూకం. చాలా కంపెనీలు ధర పెంచే బదులు ప్యాకెట్‌లో సరుకు తగ్గిస్తున్నాయి. పది రూపాయల సబ్బు పది రూపాయలకే ఉంటుంది, బిళ్ల మాత్రం పలచబడుతుంది. వంటనూనె సంగతి ఇంకా సూక్ష్మం. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు. అదే ఆకారంలో, అదే అరలో పక్కనే కనిపించే మరో ప్యాకెట్‌లో 850 గ్రాములే ఉండవచ్చు. మొదటిది 150 రూపాయలు, రెండోది 145 అనుకుంటే చేయి రెండోదాని మీదికే పోతుంది. వంద గ్రాముల లెక్క చూస్తే మొదటిది 16 రూపాయల 48 పైసలు, రెండోది 17 రూపాయల 6 పైసలు. తక్కువ ధరది అనుకున్నదే ఎక్కువ ధరది. ఈ గందరగోళం పోవడానికే ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధరతో పాటు గ్రాముకో, కిలోకో, లీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలన్న నిబంధన తూనికలు కొలతల చట్టం కింద వచ్చింది. ఆ అక్షరాలు చీమల బారులా ఉంటాయి కానీ చదివితే లాభం. ముద్రించిన ధరకు మించి వసూలు చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు.

తెలుగు ఇళ్లలో ఏడాది సరుకు ఒక్కసారే కొనుక్కునే పద్ధతి ఇంకా పూర్తిగా పోలేదు. కందులు సంక్రాంతి వెనకాముందు, చింతపండు, ఎండుమిర్చి వేసవి మొదట్లో మార్కెట్‌కు వస్తాయి. పంట దండిగా దిగే వారాల్లో కొని, ఎండబెట్టి, గాలి చొరబడని డబ్బాల్లో దాస్తే ఏడాదంతా చిల్లర ధర పెట్టాల్సిన పని ఉండదు. దీనికి రెండు షరతులు ఉన్నాయి. దాచే చోటు పొడిగా ఉండాలి, కొనే డబ్బు చేతిలోది అయి ఉండాలి. వడ్డీకి తెచ్చి ఏడాది సరుకు కొంటే మిగిలేది పురుగు పట్టిన పప్పే. ఆఫర్ ఉందని ఒకటికి ఒకటి ఉచితంగా తెచ్చిన జామ్ సీసాలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. ఇంట్లో ఎవరూ తినని వస్తువు ఎంత చౌక అయినా దండగే.

కూరగాయలకు రైతుబజార్లు ఉన్నాయి. దళారుల చేతులు దాటకుండా రైతు నేరుగా అమ్ముకోవాలన్న ఉద్దేశంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ఇవి మొదలయ్యాయి. ఏ రోజు ధరలు ఆ రోజు గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరమాడటం రానివాళ్లు కూడా మోసపోరు. వారానికి ఒకసారి వెళ్లడం మంచిదే, కానీ వారానికి సరిపడా ఆకుకూరలు తేవడం మంచిది కాదు. తోటకూర, గోంగూర మొదటి రెండు రోజుల్లో, బెండ, వంకాయ ఆ తర్వాత, సొర, దోస, గుమ్మడి, కంద వారం చివర వండుకునేలా కొంటే చెత్తబుట్టలోకి పోయేది తగ్గుతుంది. చాలా ఇళ్లలో కూరగాయల ఖర్చు పెరిగేది ధర వల్ల కన్నా ఫ్రిజ్ కింది అరలో కుళ్లిపోయే వాటి వల్ల.

బయటి తిండి గురించి తొందరపడి తీర్పు చెప్పకూడదు. వీధి చివరి కర్రీ పాయింట్ మీద పెద్దవాళ్లు విసుక్కుంటారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం నుంచి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే ఇంట్లో, అన్నం వండుకుని ఒక సాంబారు ప్యాకెట్, ఒక వేపుడు తెచ్చుకుంటే, ఇద్దరికీ కలిపి హోటల్ భోజనంలో సగం కూడా కాదు. అది ఆదాయే. భారం పడేది ఇంటికి తెప్పించుకునే భోజనం వల్ల. వంటకం ధర, ప్యాకింగ్, డెలివరీ రుసుము, ప్లాట్‌ఫాం రుసుము, పన్ను కలిసేసరికి హోటల్లో కూర్చుని తింటే అయ్యేదానికన్నా చాలా ఎక్కువ అవుతుంది. పైగా చాలా హోటళ్లు యాప్‌లో ధరే ఎక్కువ పెడతాయి. ఫోన్లో మెనూ చూసి, హోటల్‌కే నడిచి వెళ్లి పార్సిల్ తెచ్చుకునే అలవాటు చేసుకుంటే బిర్యానీ మానకుండానే ఖర్చు తగ్గుతుంది. రోజుకు 15 రూపాయల చొప్పున రెండు టీలు మానేస్తే నెలకు 900 మిగులుతాయన్న లెక్క నిజమే. కానీ పని మధ్యలో స్నేహితులతో తాగే టీ చాలామందికి రోజులో దొరికే ఏకైక విరామం. తీసేయాల్సిన వాటి జాబితాలో అది చిట్టచివరన ఉండటం న్యాయం.

ఫోన్ రీఛార్జ్‌ల్లో ఒక చిక్కు ఉంది. ఎక్కువ ప్లాన్లు 28 రోజులవి. ఏడాదిని 28తో భాగిస్తే 13 వస్తుంది. పన్నెండు నెలలకు పదమూడు రీఛార్జ్‌లు. 300 రూపాయల ప్లాన్ అయితే ఒక్కో ఫోన్‌కు ఏటా 300, నాలుగు ఫోన్ల ఇంటికి 1,200 అదనం. 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రతి కంపెనీ కనీసం ఒక్కటైనా 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా ఒకే తేదీన తిరిగి వేసుకునే ప్లాన్ ఉంచాలని ఆదేశించింది. 2024 డిసెంబర్‌లో డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్లాన్లు కూడా పెట్టమంది. కీప్యాడ్ ఫోన్ వాడే తాతయ్యకు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఎందుకు? ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకు కూడా పెద్ద డేటా ప్లాన్ వృథాయే.

నెల నెలా వాటంతట అవే ఖాతాలోంచి పోయే చందాలు డబ్బు జారిపోయే ఇంకో దారి. మొదటి నెల ఒక రూపాయికి ఇచ్చి, రెండో నెల నుంచి పూర్తి ధర లాగే యాప్‌లు ఎన్నో. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపునకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం రావాలి. ఆ ఎస్ఎంఎస్ వస్తుంది, నూరు ప్రకటనల మధ్య కొట్టుకుపోతుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళితే నడుస్తున్న చందాలన్నీ కనిపిస్తాయి, అక్కడే ఆపేయవచ్చు. పది నిమిషాల పని. ఇక్కడ చెప్పిన మార్పులన్నిటిలో శ్రమకు తగ్గ ఫలితం ఎక్కువగా ఇచ్చేది బహుశా ఇదే.

క్రెడిట్ కార్డు వాడేవాళ్లకు పై ఆదాలన్నిటినీ ఒక్క నెలలో తుడిచిపెట్టే ప్రమాదం ఉంది. బిల్లులో కనీస మొత్తం అని ఒక చిన్న అంకె ఉంటుంది. అది కడితే ఆలస్య రుసుము తప్పుతుంది, వడ్డీ తప్పదు. నెలకు 3.5 శాతం చొప్పున 20,000 రూపాయల బాకీ మీద 700 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 126, మొత్తం 826. ఏడాదికి 42 శాతం వడ్డీ అంటే ఊళ్లో మూడు రూపాయల వడ్డీ కన్నా ఎక్కువ. పాత బాకీ ఉండగా కొత్తగా కొన్న వస్తువులకు కూడా ఉచిత గడువు దొరకదు. ఇంట్లో చిన్న బంగారం ఉంటే దాని మీద బ్యాంకు రుణం తీసుకుని కార్డు బాకీ ఒక్కసారే తీర్చడం మేలు.

రక్తపోటు, మధుమేహం ఉన్న ఇంట్లో మందుల ఖర్చు అద్దెలాగే స్థిరమైన పద్దు. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో అదే మందు జనరిక్ పేరుతో, పేరున్న బ్రాండ్లలో సగానికో అంతకన్నా తక్కువకో దొరుకుతుంది. మందు చీటీలో మందు అసలు పేరు రాయమని డాక్టర్‌ను అడగడం, మార్చే ముందు మోతాదు సరిపోయిందో లేదో ఆయనకు చూపించుకోవడం అవసరం. నెలవారీ మాత్రలకే ఇది బాగా పనికొస్తుంది. డబ్బు మిగులుతుందని రోజు విడిచి రోజు మాత్ర వేసుకోవడం మాత్రం చేయకూడని పని. అలా మిగిలిన నెలకు రెండు వందలు ఆసుపత్రి బిల్లు ముందు ఎందుకూ కొరగావు. ఆరోగ్య బీమా ప్రీమియం, చిన్న పిల్లల పాలు, గుడ్లు, ఇంట్లో పనిచేసే మనిషి జీతం కూడా కోత పెట్టకూడని పద్దులే.

ప్రయాణాల్లో చెప్పాల్సింది కొంచెమే. మహిళలకు తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీలో నిర్ణీత రకాల బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. రోజూ తిరిగే మగవాళ్లకు టికెట్ల కన్నా నెల పాస్ చవక. బండి టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూసుకుంటే మైలేజీ నిలుస్తుంది, టైర్లూ ఎక్కువ కాలం వస్తాయి.

ఇన్ని మార్పులు చేసినా నెలాఖరుకు చేతిలో ఏమీ కనిపించని ఇళ్లు ఉన్నాయి. కరెంటు బిల్లులో మిగిలిన 300 జీతం ఖాతాలోనే ఉండిపోయి, మరో వారంలో ఇంకో ఖర్చులో కలిసిపోవడమే కారణం. మిగిలిన డబ్బుకు వేరే చోటు ఉండాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన పల్లె మహిళలు, సారా దుకాణానికి పోకుండా ఆగిన డబ్బులోంచి రోజుకు ఒక రూపాయి చొప్పున తమ సంఘంలో దాచడం మొదలుపెట్టారు. ఆ పొదుపు పద్ధతికి పొదుపులక్ష్మి అన్న పేరు వచ్చింది అక్కడే. సంఘంలో కట్టాల్సిన రూపాయి కాబట్టి అది ఇంటి ఖర్చులో కలిసిపోలేదు. తర్వాత తెలుగు నాట విస్తరించిన స్వయం సహాయక సంఘాలకు ఆ అలవాటే పునాది.

మిగిలిన డబ్బును వేరుగా ఉంచే ఆ పని నెల జీతగాళ్లకు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ చేస్తుంది. నెలకు 100 రూపాయల నుంచి మొదలుపెట్టవచ్చు, గడువు అయిదేళ్లు. 2023 అక్టోబర్‌లో నిర్ణయించిన 6.7 శాతం వడ్డీ లెక్కన నెలకు 500 చొప్పున 30,000 కడితే అయిదేళ్లకు సుమారు 35,700 చేతికి వస్తాయి. నెలలో 15వ తేదీలోపు తెరిచిన ఖాతాకు ప్రతి నెలా 15లోపు, ఆ తర్వాత తెరిచిన ఖాతాకు నెలాఖరులోపు వాయిదా కట్టాలి. ఒకటో తారీఖున జీతం పడేవాళ్లు మొదటి పక్షంలోనూ, జీతం ఆలస్యంగా అందేవాళ్లు 16 తర్వాతా ఖాతా తెరుచుకోవడం మేలు. నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోగా బకాయి కట్టి దాన్ని తిరిగి నడిపించుకోవచ్చు.